జ్యోతిరాణి వ్యానులో ఎర్ర దీపం

బెంగాలీ గడ్డ మీది లిలువాలో విశ్వకర్మ పూజ అంటే అంతా ఇంతా హడావిడి కాదు. రైల్వే వర్క్‌షాపు చుట్టూ పెరిగిన ఊరు కదా, స్పానరో సుత్తో పట్టని చెయ్యి ఏ ఇంట్లోనూ ఉండదు. ఆ రోజు పొద్దున్నే పనిముట్లన్నీ కడిగి, తుడిచి, దేవుడి ముందు వరసగా పేర్చేస్తారు. పేర్చాక మర్నాడు పూజ ఎత్తేదాకా వాటిని ముట్టుకోకూడదు. గ్యారేజీలకు తాళాలు పడతాయి. మెకానిక్కులంతా కొత్త చొక్కాలు తొడుక్కుని మేడలెక్కి గాలిపటాలు ఎగరేస్తూ ఉంటారు. తల ఎత్తితే వందల గాలిపటాలు. తల దించితే మాత్రం ఒక్క స్క్రూ బిగించే మనిషి కూడా దొరకడు.

సరిగ్గా ఆ రోజునే జ్యోతిరాణి వ్యానులో ఎర్ర దీపం వెలిగింది.

జ్యోతిరాణి సూరన్న కూతురు. సూరన్న శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలో వచ్చి వర్క్‌షాపులో చేరినవాడు. రైలు పెట్టెల్లో దీపాలు, పంకాలు బాగుచేసే సెక్షన్‌లో పని చేసి రిటైరయ్యాడు. కూతురు ఇక్కడే పుట్టింది, ఇక్కడే పెరిగింది. చేపలమ్మేవాడితో బెంగాలీలో బేరమాడుతుంది, ట్రాఫిక్ పోలీసుతో హిందీలో వాదిస్తుంది, ఇంటికొచ్చి తల్లితో తెలుగులో దెబ్బలాడుతుంది. పిల్లల్ని ఇళ్ల దగ్గర ఎక్కించుకుని బడి దగ్గర దింపే బళ్లను ఇక్కడ పూల్‌కారు అంటారు. అలాంటి పూల్‌కారు ఒకటి చాలా ఏళ్లు నడిపింది జ్యోతిరాణి. అయితే ఆ బండి ఆమెది కాదు. ఎవరో కొన్న బండి, ఎవరో మాట్లాడుకున్న పిల్లలు. పొద్దున తాళం తీసుకుని, సాయంత్రం తాళం ఇచ్చెయ్యడమే ఆమె పని.

ఈ ఏడాది వానలు మొదలవకముందే ఆ తాళం శాశ్వతంగా ఇచ్చేసి, సొంతంగా ఒక వ్యాను కొనుక్కుంది. పాతదే. ముందు సీట్లు పైకెత్తితే వాటి కింద ఇంజిను ఉంటుందే, ఆ రకం. కొన్నాక రంగు వేయించింది, సీట్లకు కొత్త గుడ్డ కుట్టించింది, కిటికీలకు కమ్మీలు పెట్టించింది, ఇంజినుకు కొత్త బెల్టు వేయించింది. అన్నీ అయ్యాయి కానీ ఎక్కడానికి పిల్లలు కుదరలేదు. పాత పిల్లలందరూ పాత యజమాని బండిలోనే ఉండిపోయారు. రెండు నెలల పాటు వ్యాను ఇంటి ముందు నిలబడి ఉంటే, దారిన పోయేవాళ్లు "కదల్లేదేటి?" అని అడగడం, జ్యోతిరాణి పళ్లు బిగించి నవ్వడం మామూలైపోయింది.

ఆఖరికి గంగకు అవతల ఉన్న న్యూ టౌన్ నుంచి ఒక మాట వచ్చింది. అక్కడ ఒక అపార్టుమెంటులో లలితాంబ అని బ్యాంకు ఆఫీసరు గారి భార్య ఉంది. వాళ్ల బ్లాకులో పిల్లల్ని బడికి తీసుకెళ్లే డ్రైవరు మానేశాడు. కొత్త బండి చూసే బాధ్యత తల్లులందరూ కలిసి ఆవిడ మీద పెట్టారు. పూజ రోజు సాయంత్రం నాలుగింటికి బండి తీసుకుని రమ్మంది. మర్నాడు ఇంకొకతను తన బండి చూపిస్తాడట. ఎవరి బండి నచ్చితే వాళ్లకే పిల్లలు. ఫోను పెట్టేసేముందు ఆవిడ ఒక్కటే చెప్పింది.

"నేను బండి ఎక్కి చూస్తానండీ. ఏ చిన్న లోపమున్నా పిల్లల్ని ఎక్కించను. ముందే చెప్తున్నాను, ఏమనుకోకండి."

జ్యోతిరాణి ఏమీ అనుకోలేదు. ఆ మాట తనే అయితే ఇంకా గట్టిగా చెప్పేది.

పూజ రోజు వేకువనే లేచి వ్యాను కడిగింది. బంతిపూల దండ కట్టింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. మిగతాది తల్లి ముసలమ్మకు అప్పచెప్పి స్నానానికి వెళ్లింది. వచ్చి, పెట్రోలు పోయించుకొద్దామని బజారు దాకా వెళ్లి తిరిగి వస్తుంటే, డాష్‌బోర్డు మీద చిన్న పెట్టె బొమ్మ ఎర్రగా మెరిసింది. ఒకసారి మెరిసి ఆరింది. మళ్లీ మెరిసింది. ఇంటికి చేరేసరికి ఆరడం మానేసింది.

బండిని ఇంజిను ఆపకుండానే ఇంటి ముందు నిలిపింది. ఆ దీపం వంకే చూస్తూ, "ఈవేళే దొరికిందేటే నీకు?" అని దాన్నే అడిగింది.

ఎదురింటి ఢిల్లీశ్వరరావు అప్పటికే గుమ్మం దిగి వచ్చేశాడు. మునిసిపాలిటీ చెత్త లారీ నడుపుతాడు. వరసకు బావ. లోకంలో తిరిగే ఏ చక్రం గురించైనా తనకు తెలియనిది లేదని గట్టి నమ్మకం. కిటికీలోంచి తల దూర్చి చూశాడు.

"బేటరీ పోనాది," అన్నాడు.

"ఎలా తెలిసింది బావా?"

"బొమ్మ సూడ్రాదేటి? ప్లస్సు, మైనస్సు ఏసి మరీ సూపిస్తన్నాడు. బేటరీ బొమ్మ ఎలిగితే బేటరీ కాక మరేటి పోద్ది, నీ సీటు గుడ్డ పోద్దా?"

జ్యోతిరాణి హారను నొక్కింది. సందు దద్దరిల్లింది. ఢిల్లీశ్వరరావు ఉలిక్కిపడి కిటికీ చట్రానికి తల కొట్టుకున్నాడు. తర్వాత ఇంజిను ఆపి, మళ్లీ తాళం తిప్పింది. ఒక్క తిప్పుకే అందుకుంది.

"సచ్చిన బేటరీ ఇలాగ అరుస్తాదేటి బావా?"

"అరుస్తాది," అన్నాడతను తల రుద్దుకుంటూ. "ఆఖరి అరుపు."

ముసలమ్మ కూడా వచ్చి చూసింది. ఆమెకు బ్యాటరీ సంగతి తెలియదు కానీ, నాలుగింటికి న్యూ టౌన్ వెళ్లాలన్న సంగతి తెలుసు. నుదుటి మీద స్టిక్కరు బొట్టు తీసి, డాష్‌బోర్డు వైపు చెయ్యి చాపింది.

"దీన్ని ఆ దీపం మీద అంటించీ. అమ్మోరి మొకంలాగ ఉంటాది. ఆవిడికేటి తెలుస్తాది?"

ఢిల్లీశ్వరరావుకు ఆ ఆలోచన తెగ నచ్చింది. "అత్తా, నువ్వు మా డిపోలో పుట్టాల్సినదానివి!"

జ్యోతిరాణికి నవ్వు వచ్చింది, నవ్వు వెనకే ఒళ్లు మండింది. ఆ ముందు సీటు పక్కనే రేపు పిల్లలు కూర్చుంటారు. దీపం కప్పేస్తే దీపం కనబడదంతే, కింద ఏం జరుగుతోందో అది జరుగుతూనే ఉంటుంది. బ్రిడ్జి మీద, వెనక లారీలు తోసుకొస్తుంటే, పిల్లలతో బండి ఆగిపోతే?

"నీ బొట్టు నువ్వే పెట్టుకోవే అమ్మా," అంది.

ఇదంతా సూరన్న వరండాలోంచి చూస్తూనే ఉన్నాడు. ఆయన ఆ రోజు కదలడు. విశ్వకర్మ పటం ముందు తన స్పానర్లు, కటింగ్ ప్లయర్లు, కరెంటు కొలిచే మీటరు, అన్నిటికీ కుంకుమ పెట్టి, వాటి పక్కనే ముక్కాలిపీట వేసుకుని కాపలా ఉన్నట్టు కూర్చుంటాడు. జ్యోతిరాణి చూపు ఆ మీటరు మీద పడింది. దాని రెండు తీగలు బ్యాటరీకి ఆనిస్తే చాలు, బండి నడుస్తున్నప్పుడు కరెంటు నిండుతోందో లేదో అంకె వేసి చెప్పేస్తుంది.

సూరన్న ఆ చూపు పట్టేశాడు. "అదీ పనిముట్టే."

"నానేటి అన్నాను నాన్నా?"

"కళ్లతో అన్నావు."

"ముట్టుకోనులే. సేతులున్నాయి, సెవులున్నాయి. అవి పూజలో పెట్టలేదు కదా?"

సూరన్న ముక్కాలిపీటను కొంచెం ఇటువైపు తిప్పుకున్నాడు.

జ్యోతిరాణికి ఈ విద్య ఎలా అబ్బిందో చెప్పాలి. విశ్వకర్మ పూజ నాడు వర్క్‌షాపులోకి పనివాళ్ల పెళ్లాం పిల్లల్ని రానిచ్చేవారు. అందరి పిల్లలూ మిఠాయి పొట్లాల కోసం వెళ్తే, ఈ పిల్ల మాత్రం రైలు పెట్టెల కిందకి దూరి చూసేది. ఒకసారి ఒక పెట్టె కింద, ఇరుసు దగ్గర, రబ్బరు బెల్టు ఒకటి కనబడింది. రైలుకి బెల్టెందుకు, రైలేమన్నా నిక్కరు తొడుక్కుంటుందా అని అడిగింది. సూరన్న కొత్త పంచెతోనే నేల మీద కూర్చుని చెప్పాడు. పెట్టె పరిగెడితే ఇరుసు తిరుగుతుంది, ఇరుసు బెల్టుని తిప్పుతుంది, బెల్టు డైనమోని తిప్పుతుంది, డైనమో కరెంటు పుట్టించి బ్యాటరీలో పోస్తుంది. బ్యాటరీ కుండ లాంటిది, డైనమో నుయ్యి లాంటిది. నుయ్యి తోడకుండా కుండ వంపుకుంటూ పోతే ఎంతసేపు వస్తుంది? ఆ మాటకు ఆ పిల్ల ఇంకా పది ప్రశ్నలు వేసింది. మిఠాయి పొట్లం సంగతి ఇంటికెళ్లాక గాని గుర్తుకు రాలేదు.

మోటారు బండిలోనూ అంతే. ఇక్కడ డైనమోని ఆల్టర్నేటరు అంటారు గానీ, చేసే పని అదే. ఇంజిను తిరిగితే బెల్టు, బెల్టు తిరిగితే అది. ఎర్ర దీపంలో బ్యాటరీ బొమ్మ ఉన్నా, దాని అర్థం కుండ పగిలిందని కాదు. కుండలోకి నీళ్లు రావడం లేదని.

"బావా, నువ్వు లోపల కూకో. పెద్ద లైట్లు ఎయ్యి. నాను సెప్పినప్పుడు యాక్సిలేటరు తొక్కు," అంది.

వ్యాను మూతి క్వార్టర్సు గోడ వైపు ఉంది. సందులో నీడ. గోడ మీద రెండు వెలుగు మచ్చలు పడ్డాయి, పాలిపోయి, పసుప్పచ్చగా. అంతా బాగుంటే ఇంజిను జోరందుకోగానే అవి తెల్లబడాలి. కానీ చూస్తే సరిపోదు, వినాలి కూడా. సందు చివర పూజ పందిరిలో మైకు చెవులు చిల్లులు పడేలా పాడుతోంది. జ్యోతిరాణి అక్కడిదాకా వెళ్లి, పందిరి చూసుకునే బాపీదాను బెంగాలీలో బతిమాలింది.

"దాదా, ఏక్టు మైక్‌టా బంధో కొరో నా! కాస్త మైకు ఆపన్నా, నా బండి గొంతు వినాలి."

బాపీదా నుదురు చిట్లించాడు, కానీ ఆపాడు. సందులో ఒక్కసారిగా నిశ్శబ్దం. పాట ఆగిపోతే ఏమైందోనని జనం బయటికొచ్చారు. దాంతో పాట కన్నా ఎక్కువ గోల మొదలైంది. "నోర్ముయ్యండెహె!" అని ముసలమ్మ ఒక్క కేక వేశాక నిజంగా నిశ్శబ్దం వచ్చింది.

"తొక్కు బావా!"

ఇంజిను గుర్రుమంది. గోడ మీద వెలుగు తెల్లబడలేదు, ఒణికింది. ఆ గుర్రుకి అడుగున, పిల్లి తోక తొక్కినట్టు, సన్నగా ఒక కీచు.

జ్యోతిరాణి తల తిప్పి తండ్రి వైపు చూసింది. సూరన్నకు చెవులు మందగించి చాలా ఏళ్లైంది. పక్కన నిలబడి పిలిచినా ఒక్కొక్కసారి పలకడు. కానీ ఆ కీచుకు ఆయన పీట మీంచి లేచాడు.

"బెల్టు జారతాంది," అంది జ్యోతిరాణి.

ఆయన తల ఊపి మళ్లీ కూర్చున్నాడు.

ఇంజిను ఆపించి, తాళం తీసి కొంగుకు ముడేసుకుని, సీటు ఎత్తింది. బెల్టు తెగలేదు, బీటలు వారలేదు. బొటనవేలితో నొక్కి చూస్తే కొంచెమే దిగింది. వదులు కూడా కాదు. బిగువుగా ఉన్న బెల్టు, కొని పట్టుమని మూడు నెలలైనా కాని బెల్టు ఎందుకు జారుతుంది? వేలు తీసి చూసుకుంది. వేలు మెరుస్తోంది. పసుప్పచ్చగా.

ఎత్తిన సీటు అడుగు వైపు చూసింది. అక్కడ, బెల్టుకు ఎదురుగా, గీతలా పసుపు చింది ఉంది. ఎవరో కొలబద్ద పెట్టి గీసినట్టు నిటారుగా. వేలు ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. నువ్వుల నూనె.

"అమ్మా!"

ఆ పిలుపులో ఏముందో ముసలమ్మకు అర్థమైపోయింది. అయినా వెనక్కి తగ్గే మనిషి కాదు.

"ఏటే, రాయకూడదేటి? పైన బొట్టెట్టి లోపల ఒగ్గేస్తారేటి ఎవులైనా? నడిపించేది ఇంజినైతే పసుపు రేకుకి రాస్తావేటి? నువ్వు తానానికి ఎల్లినప్పుడు సీటెత్తి, ఆ చక్రాలన్నిటికీ రాసినాను. పొడి పసుపు రాలిపోతాదని నూనెలో కలిపి మరీ రాసినాను."

"చక్రాలకి రాసినావా! బెల్టు తిరిగేది ఆ చక్రాల మీదేనే అమ్మా!"

"తిరిగితే మంచిదే కదేటి, నున్నగా తిరుగుతాది. నీ సైకిలు కిర్రుమన్నప్పుడు నూనెయ్యమని నువ్వు సెప్పలేదేటి?"

"అది గొలుసే! ఇది పట్టు ఉండాలి. నూనె రాసిన సేత్తో సీసా మూత తీసి సూడు, తిరుగుతాదేమో!"

ముసలమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. ఆ కష్టం ఆమెకు వంటింట్లో రోజూ ఉన్నదే. "అయితే కడిగీ," అంది, కడగడం అనేది తానే కనిపెట్టినట్టు.

కడగడమే మందు. స్పానర్ అక్కర్లేదు, మీటరు అక్కర్లేదు. నూనె పోవాలి, అంతే. ముసలమ్మ నీళ్లు కాచింది, గిన్నెలు తోమే సబ్బు తెచ్చింది. జ్యోతిరాణి ఆల్టర్నేటరు తడవకుండా ప్లాస్టిక్ సంచులు కప్పి చుట్టూ కట్టేసింది. చక్రాల గాడిలో ఇరుక్కున్న పసుపు గుడ్డకు రావడం లేదని పాత పళ్ల బ్రష్షు తీసింది.

"ఆగు!" వరండాలోంచి గొంతు. "బ్రష్షు పనిముట్టు కాదేటి?"

జ్యోతిరాణి బ్రష్షు పట్టుకుని తండ్రి ముందుకు వెళ్లి నిలబడింది. "నాన్నా, పొద్దున్న పళ్లు తోముకున్నావా లేదా?"

"తోముకున్నాను."

"పూజ పెట్టినాక తోముకున్నావా, ముందు తోముకున్నావా?"

సూరన్న ఆలోచించాడు. పూజ పెట్టిన తర్వాతే తోముకున్నాడు. "మొకం కడుక్కునే బ్రష్షైతే తప్పు లేదు," అని తీర్పు చెప్పాడు. "బండి మొకమే కదా కడుగుతావు."

ఇంకొక చిక్కు ఉంది. బెల్టు ఎదురుగా ఉన్న ముక్క వరకే చెయ్యి అందుతుంది. మిగతాది చక్రాల వెనక దాక్కుని ఉంటుంది. తిప్పాలంటే ఇంజిను నడపాలి, ఇంజిను నడుస్తుంటే చెయ్యి పెట్టకూడదు. జ్యోతిరాణి తాళం ముడి విప్పలేదు. బండిని టాపు గేరులో వేసి, సందులో ఉన్నవాళ్లను పిలిచింది.

"కొంచిం కొంచిం తోయండి! గేరులో ఉంది కాబట్టి బండి టైర్లు తిరిగితే ఇంజినూ తిరుగుతాది. నాను ఆగమంటే ఆగాలి. సెయ్యి తీసినాకే తోయాలి."

ఢిల్లీశ్వరరావు వెనక భుజం ఆనించాడు. బాపీదా పందిరి వదిలేసి వచ్చాడు. కొత్త చొక్కాల వాళ్లు, సగం కట్టిన పంచెల వాళ్లు, ఒక చేతిలో ఖిచిడీ దొన్నె పట్టుకున్న వాడు ఒకడు. "హెయ్!" అంటే బండి మూడడుగులు కదిలేది, బెల్టులో వేరే ముక్క ఎదురుకు వచ్చేది. "ఆగు!" అంటే జ్యోతిరాణి వంగి సబ్బుతో రుద్దేది. సందు చివరికి వెళ్లి, బండిని వెనక్కి తెచ్చుకుని, మళ్లీ మొదలు. ముసలమ్మ పక్కనే చెంబు పట్టుకుని నడుస్తూ, "అక్కడ ఒగ్గేసినావు, అదిగో, ఇంకా పచ్చగా ఉంది," అని తను రాసిన పసుపునంతా తనే పట్టి ఇచ్చింది.

ఆరబెట్టి, సంచులు తీసి, తాళం తిప్పారు. కీచు తగ్గింది. దీపం మాత్రం ఆరి, మళ్లీ మిణుకుమంది.

"పర్లేదు, దగ్గిరికొచ్చింది," అన్నాడు ఢిల్లీశ్వరరావు చెమట తుడుచుకుంటూ. "ఇంట్లో మొకానికి రాసుకునే పౌడరుంటే కొంచిం సల్లీ. కీచుమనదు. నాలుగింటికి ఆవిడి ముందు నిలబెట్టి, రేపు సూసుకో."

పౌడరు చల్లితే కూత ఆగుతుంది, జారడం ఆగదు. ఆ సంగతి జ్యోతిరాణికి తెలుసు. అప్పటికే మధ్యాహ్నం రెండు కావస్తోంది. న్యూ టౌన్ ఇక్కడ లేదు. చేతులు సబ్బు నీళ్లకు నానిపోయాయి, చీర అంచంతా పసుపు మరకలు. వెళ్లకపోతే రేపటి బండివాడికి పిల్లలు వెళ్లిపోతారు. ఈ వ్యాను మళ్లీ గుమ్మం ముందు నిలబడుతుంది. నిలబడ్డ బండి ఎన్నాళ్లు నిలబడుతుంది? మళ్లీ ఎవరి గుమ్మం ముందో చెయ్యి చాపి తాళం అడగాలి.

"అమ్మా, ఇంకోపాలి నీళ్లు కాయి," అంది.

ఒక్కరూ వెనక్కి పోలేదు. ఖిచిడీ దొన్నె వాడు కూడా దొన్నె కింద పెట్టి రెండు చేతులతో తోశాడు. ఈసారి ప్రతి చక్రం గాడినీ వేలికి గుడ్డ చుట్టుకుని, గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడిచింది. మళ్లీ తాళం తిప్పినప్పుడు అందరూ కిటికీల చుట్టూ మూగారు. దీపం వెలిగింది. ఇంజిను అందుకుంది. దీపం ఆరింది. తొక్కితే ఆరే ఉంది. లైట్లన్నీ వేస్తే ఆరే ఉంది. గోడ మీద రెండు మచ్చలు పిండి ఆరబోసినట్టు తెల్లగా పడ్డాయి.

బాపీదా పరిగెత్తుకెళ్లి మైకు పెట్టేశాడు.

జ్యోతిరాణి చీర మార్చుకుని వచ్చేసరికి ముందు సీట్లో సూరన్న ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, తల దువ్వుకుని, ఒళ్లో చేతులు పెట్టుకుని.

"నువ్వెక్కడికి నాన్నా? పనిముట్లకి కాపలా?"

"మీ అమ్మ సూస్తాది. పద, బేగి పద."

బాలీ వంతెన మీద గంగ దాటి ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కారు. ఇద్దరి కళ్లూ రోడ్డు మీద సగం, ఆ చిన్న పెట్టె బొమ్మ మీద సగం. ఎయిర్‌పోర్టు దాటి న్యూ టౌన్ మేడలు కనబడేసరికి కూడా అది నల్లగానే ఉంది.

లలితాంబ గేటు దగ్గరే నిలబడి ఉంది. పక్కన చిన్ని, ఆవిడ కూతురు, రెండో క్లాసు. ఆవిడ నమస్కారం పెట్టి, చెప్పినట్టే బండి ఎక్కింది. తలుపు గడియలు వేసి తీసింది, కిటికీ కమ్మీలు ఊపి చూసింది, టైర్లు వంగి చూసింది. బ్రేకు వేయించింది. ఒక్కటి వదల్లేదు. జ్యోతిరాణికి ఆవిడ అడిగే తీరు నచ్చింది. అలా అడిగే మనుషులంటే ఆమెకు మొదటి నుంచీ ఇష్టం.

ఈలోగా చిన్ని ముందు సీటెక్కి, సూరన్న పక్కన సర్దుకుని కూర్చుంది.

"అమ్మా, ఒక్క రౌండు! గేటు దాకా! ప్లీజ్!"

"బాగానే ఉందండీ బండి," అంది లలితాంబ నవ్వుతూ. "చిన్నిని ఒకసారి బ్లాకు చుట్టూ తిప్పుకు రండి. దానికి నచ్చితే సగం పని అయిపోయినట్టే."

దీపం ఆరి ఉంది. బెల్టు మౌనంగా ఉంది. బ్లాకు చుట్టూ ఎంత దూరమని? జ్యోతిరాణి తండ్రి వైపు చూడలేదు. చిన్నిని రెండు చేతులతో ఎత్తి కిందకి దింపింది.

"ఈవేళ ఒద్దు తల్లీ."

చిన్ని మొహం ముడుచుకుంది. లలితాంబ నవ్వు ఆగిపోయింది. "ఎందుకని?"

"పొద్దున్న బేటరీ దీపం ఎలిగిందమ్మా. పూజలో మా అమ్మ బెల్టు చక్రాలకి నూనె పసుపు రాసేసింది. బెల్టు జారిపోయి కరెంటు నిండలేదు. కడిగి తెచ్చినాను, ఇప్పుడు బాగానే తిరుగుతాంది. కానీ ఒకపాలి నూనె పీల్చిన బెల్టుని నమ్మకూడదు. ఇంజిన్ని సల్లబరిసే నీళ్లు కూడా ఆ బెల్టే తిప్పుతాది. రేపు గ్యారేజీలు తెరవగానే కొత్తది ఏస్తాను. అది ఏసినాకే పిల్లలు ఎక్కాలి. నానొక్కదాన్నైతే ఇలాగే తిరుగుతాను, పరవాలేదు."

"మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు," అంది లలితాంబ నెమ్మదిగా.

"నాకు తెలుసు కదమ్మా."

ఆవిడ ముందు సీటు వైపు వంగి చూసింది. సూరన్న ఒళ్లో వేళ్లు పెనవేసుకుని, ముందున్న గాజులోంచి సూటిగా చూస్తూ కూర్చున్నాడు. ఆ మాటలు ఎంతవరకు వినబడ్డాయో ఆయనకే తెలియాలి.

"ఇంజినుకి కూడా పసుపు రాశారా మీ అమ్మగారు?" అని లలితాంబ ఉన్నట్టుండి నవ్వేసింది. "మా అత్తగారు వాషింగ్ మెషీనుకి రాస్తారు. సరే. కొత్త బెల్టు వేశాక ఆదివారం ఒకసారి తీసుకురండి. ఆ సీటెత్తి నాక్కూడా చూపించాలి, ఏది ఎక్కడ తిరుగుతుందో. సోమవారం నుంచి పిల్లల్ని మీరే తీసుకెళ్లండి."

"రేపు ఇంకో బండి సూడాలన్నారు కదమ్మా?"

"అతనికి ఫోన్ చేసి చెప్తాలెండి."

జ్యోతిరాణి నమస్కారం పెట్టి బండెక్కి, గేటు దాటి, మలుపు తిప్పింది. అప్పుడు సూరన్న నోరు విప్పాడు.

"నానైతే ఆ పిల్లని ఒక రౌండు తిప్పేద్దును," అన్నాడు. కొంచెం ఆగి, "నువ్వు నా కన్నా గట్టిదానివి," అన్నాడు.

ముప్పై ఏళ్లకు పైగా రైలు పెట్టెల కింద పడుకుని పని చేసిన మనిషి అన్న మాట అది. ఎవరినీ మెచ్చుకోని మనిషి. జ్యోతిరాణి స్టీరింగు గట్టిగా పట్టుకుంది. గంగ దాటేదాకా మెడ నిటారుగానే ఉంచింది. ఇంటికొచ్చాక ముసలమ్మ జరిగిందంతా వింది. తను రాసిన పసుపు వల్లే పని అయిందని ఆ సాయంత్రమే సందంతా చెప్పి వచ్చింది.

సోమవారం పొద్దున న్యూ టౌన్‌లో, కొత్త బెల్టు వేసిన వ్యాను నిండింది. సంచులు, నీళ్ల సీసాలు, తోపులాటలు. జ్యోతిరాణి తాళం సగం తిప్పింది. ఎర్ర దీపం వెలిగింది. ముందు సీట్లో ఉన్న చిన్ని కేక పెట్టింది.

"ఆంటీ! రెడ్ లైట్!"

"ఎలగాలి," అంది జ్యోతిరాణి. "ఎలక్కపోతే దీపమే పాడైనట్టు. ఇప్పుడు సూడు."

తాళం పూర్తిగా తిప్పింది. ఇంజిను అందుకుంది.

"ఆరిపోయింది!" అంది చిన్ని.

"ఎందుకారింది?" అని వెనక నుంచి ఒకడు అడిగాడు. ఇంకొకడు ముందుకు తోసుకొచ్చి, సీటు కింద ఏముంటుందని అడిగాడు. మూడో పిల్ల, అది ఆరకపోతే ఏం చేస్తావని అడిగింది. బడి చేరేదాకా ఆ వ్యానులో ప్రశ్నలు ఆగలేదు. జ్యోతిరాణి ఒక్కొక్కదానికీ జవాబు చెప్పుకుంటూ నడిపింది, కుండ సంగతి, నుయ్యి సంగతి, అన్నీ.

ఇప్పుడది ఆ బండిలో ఆచారమైపోయింది. పొద్దున పిల్లలందరూ ఎక్కాక, సీట్ల మీంచి మెడలు సాచి ఆ చిన్న బొమ్మ వైపే చూస్తారు. ఒక్క గొంతుతో "ఆరిపోయింది!" అని అరిచాక గాని జ్యోతిరాణి మొదటి గేరు వెయ్యదు. ఎవరైనా ఒకరు చూడలేదంటే, ఇంజిను ఆపి మళ్లీ మొదటి నుంచి చూపిస్తుంది.